విరామము - ఆరాధనము



పని దొరకక దుఃఖించువారు కొందరు, పని మిక్కుటమై దుఃఖించువారు మరికొందరు. ఈ రెండు తెగల నడుమ నేడు మూడవ తెగ యొకటి కానవచ్చుచున్నది. చేతిలో ఉద్యోగ ముండగనే, దేహము అలసియో, వృద్ధులైన తల్లిదండ్రుల సేవకొరకో, ఆరుమాసములో సంవత్సరమో సెలవు తీసికొని ఇంట నుండువారు వీరు. సూర్యాపేటలోని ఉపాధ్యాయుడు గావచ్చును, కోదాడలోని బ్యాంకు ఉద్యోగి గావచ్చును, మిర్యాలగూడ బియ్యపు మిల్లులో లెక్కలు వ్రాయు గుమాస్తా గావచ్చును. జీతము లేని సెలవైనచో నెల తిరుగునప్పటికి కిరాణా దుకాణపు పద్దు ఎట్లు తీర్తుమను చింతయు తోడగును. ఇంత మూల్యము చెల్లించి కొన్న కాలమును ఏమి చేయవలెను?

మొదటి వారము నిద్రలో గడచును. అది దోషము కాదు. అలసిన దేహము తన బాకీ తాను వసూలు చేసికొనును. రెండవ వారము తొమ్మిదిన్నర గంటలకు కాళ్ళు తమంత తామే వీధి గుమ్మమువైపు నడచును. సెల్‌ఫోను మ్రోగకున్నను చేయి దానిపైకి పోవును. బస్టాండువద్ద తెలిసినవారు “ఏమండీ, డ్యూటీకి పోలేదా?” అని యడిగిన చాలును, మనస్సు చివుక్కుమనును. మూడవ వారము గృహస్థు వంటింటిలో తనిఖీ యధికారి యగును. గ్యాసు ఇంత త్వరగా ఎట్లయిపోయిన దనియు, కూరలో నూనె ఎక్కువైన దనియు పలుకును. అప్పుడు ఇల్లాలు “మీకు ఆఫీసువారు సెలవిచ్చినారు, నాకెవరిచ్చినారండీ?” అని యడుగును. ఆ ప్రశ్నకు ఏ సర్వీసు నిబంధనలలోను జవాబు లేదు.

ఈ అశాంతికి హేతువును గీతాచార్యుడు మూడవ అధ్యాయముననే చూపియున్నాడు. ఏ ప్రాణియు క్షణమాత్రమైనను కర్మ చేయక యుండజాలదు. చేతులను కట్టిపెట్టి మనస్సుతో విషయములనే తలపోయుచుండువాని ఆచారము మిథ్య. కార్యాలయమునకు పోవుట మానినంతనే కార్యాలయము మనలను మానదు. కావున విరామమనగా పని ఆపుట మాత్రమే కాదు. ఇంతకాలము ఎవరికొరకు పని చేసితిమో, ఇకపై ఎవరికొరకు చేయవలెనో తెలిసికొనుట.

ఇట్టి విరామము ఇతర దేశములవారును ఎరుగుదురు. యూదుల ధర్మశాస్త్రము ఏడవ యేట భూమిని దున్నక విడువుమని విధించినది. పాశ్చాత్యులు దీర్ఘ విరామమునకు పెట్టుకొన్న పేరు ఆ ఆచారమునుండి పుట్టినదే. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము 1880లో తన ఆచార్యులకు అట్టి సెలవు నీయ నారంభించెను. మన వైష్ణవ సంప్రదాయమున చాతుర్మాస్యము గలదు. ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు శ్రీమన్నారాయణుడు యోగనిద్ర నవలంబించును. కార్తిక శుద్ధ ఏకాదశినాడు మేల్కొనును. నిత్యము సంచరించు యతులు సైతము ఆ కాలమున ఒకచోట నిలుతురు. స్వామిది యోగనిద్రయే గాని తామస నిద్ర కాదు. కన్నులు మూసియున్నను లోకరక్షణ చింత ఆయనను విడువదు.

ఆ నాలుగు మాసములనే ఇద్దరు రెండు విధములుగ గడపిన కథను వాల్మీకి మహర్షి కిష్కింధాకాండమున చెప్పినాడు. వాలి వధానంతరము సుగ్రీవునకు పట్టాభిషేకమయ్యెను. శ్రావణమాసము వచ్చెను, సీతాన్వేషణకు దారులు మూసికొనిపోయెను. శ్రీరాముడు తండ్రి యాజ్ఞను పాటించి పట్టణమున ప్రవేశింపక, ప్రస్రవణ పర్వతపు గుహలో లక్ష్మణునితో నివసించెను. సీతావియోగము దహించుచున్నను ఆయన మేఘములను, సెలయేళ్ళను, నెమళ్ళను కన్నులార చూచి తమ్మునకు వర్ణించి చెప్పెను. దుఃఖము మాటుపడలేదు, కర్తవ్యము మరపునకు రాలేదు.

మనము గమనింపవలసిన విశేష మింకొకటి గలదు. సుగ్రీవుని తొందరపెట్టుటకు శ్రీరాముడు ఇష్టపడలేదు. అతడు చాలకాలము కష్టములు పడినవాడు, ఇప్పుడే భార్యను చేరినవాడు. విశ్రమించి, కాలము వచ్చినప్పుడు తానే తెలిసికొనునని స్వామి పలికెను. అనగా అలసినవానికి విశ్రాంతి నిచ్చినవాడు సాక్షాత్తు శ్రీరామచంద్రుడే! కావున సెలవు తీసికొన్న భక్తుడు తాను అపరాధము చేసినట్లు క్రుంగిపోవలదు.

సుగ్రీవుని దోషము విశ్రమించుట కాదు, విశ్రాంతికి మేర మరచుట. ఆకాశము నిర్మలమైనను అతడు అంతఃపురమును వీడలేదు. హనుమంతుడు వచ్చి మాట జ్ఞప్తి చేయగా, పదునైదు దినములలో సేనలను కూర్చుమని నీలుని కాజ్ఞాపించి మరల భోగములలో మునిగెను. లక్ష్మణుడు కోపముతో కిష్కింధకు రావలసి వచ్చెను. మన యింట హనుమంతుని వంటి మృదువైన హితవు వినబడునప్పుడే మేల్కొనుట మేలు. ఆ హితవు పలుకునది తరచుగా ఇల్లాలే.

మన ప్రాంతపు రైతునకు ఈ ధర్మము కరతలామలకము. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరము కాలువలకు నీరు విడిచినారు. ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల నేలలు వరిపొలములైనవి. యాసంగి కోతలైన పిదప కాలువ కట్టివేయుదురు. అప్పుడు రైతు నిద్రించునా? వేసవి దుక్కులు దున్నును, చెరువుమట్టి తోలించును, పొలములో గొర్రెల మంద పెట్టించును, గట్లు సవరించును. పైరు కనబడని ఆ రెండు మాసముల సేద్యమే వానకాలపు పంటకు బలము. సెలవు పెట్టినవాని తొలి వారములును ఇట్టివే. కంటికి పైరు కనబడలేదని కలతపడరాదు, దుక్కి మానరాదు.

ఆ దుక్కికి మన పెద్దలు ఏర్పరచిన క్రమమే పంచకాల విధానము. పాంచరాత్రము చెప్పిన ఈ విధిని శ్రీవేదాంతదేశికులు ‘పాంచరాత్రరక్ష’లో విపులముగ చర్చించిరి. ప్రాతఃకాలమున భగవంతుని సమీపించుట అభిగమనము. ఆరాధనకు వలయు ద్రవ్యములను కూర్చుట ఉపాదానము. పూజ ఇజ్య. గ్రంథపఠనము స్వాధ్యాయము. రాత్రివేళ చిత్తమును స్వామియందు నిలుపుట యోగము. గడియారపు ముల్లు వెంట ఇంతకాలము పరుగిడినవానికి ఇంతకంటె మంచి దినచర్య యేమున్నది? కూరగాయల సంచి చేతబట్టి బజారునకు పోవుటయు, తులసికోటకు నీళ్ళు మోయుటయు స్వామి నైవేద్యమునకై చేసినచో ఉపాదానమే. ఆ సంచి భర్త చేతికి వచ్చిన దినమున ఇల్లాలికిని అరగడియ సెలవు లభించును. ఆమె ప్రశ్నకు అదియే సగము సమాధానము.

స్థానము మారినగాని మనస్సు కుదురుకొననివారికి కృష్ణాతీరమున క్షేత్రములు గలవు. మట్టపల్లిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామి సన్నిధిని కృష్ణలో స్నానమాడి, ప్రదక్షిణలు చేయుచు కొన్నిదినములు నివసించుట భక్తుల ఆచారము. మిర్యాలగూడకు దిగువన కృష్ణయు మూసియు కలియు వాడపల్లిలో కూడ నరసింహస్వామి వెలసియున్నాడు. అచట స్వామి ముఖమువద్ద నున్న దీపము ఆయన శ్వాసకు రెపరెపలాడుననియు, క్రిందిది నిశ్చలముగ వెలుగుననియు భక్తులు చెప్పుకొందురు. ఆ రెండు దీపములును మనకు గురువులే. దేహము కదలక కూర్చున్నను ఊపిరివలె సేవ సాగుచుండవలెను. దేహము పనిలో కదలుచున్నను అంతరంగము నిశ్చలముగ వెలుగవలెను.

సెలవు ఎన్నడో ఒకనాడు ముగియును. శరత్తు వచ్చును, కాలువకు నీరు వచ్చును, స్వామి యోగనిద్రనుండి లేచును. ఆనాడు పాత కుర్చీలో మరల కూర్చుండువాడు పాత మనిషిగనే కూర్చుండినచో అన్ని మాసముల జీతము వృథాగా పోయినట్లే. పని స్వామిదని, ఫలము స్వామిదని, తాను కైంకర్యపరుడనని తెలిసి కూర్చుండినచో ఆ సెలవు సఫలము. సెలవు దొరకని కోట్లాది జనులకును ఈ మార్గము మూయబడలేదు. ఏకాదశి పక్షమున కొకమారు ప్రతి గడపకును వచ్చును. నిత్యము సంధ్యాదీపము వెలిగించు ఆ కొలది క్షణములే వారి చాతుర్మాస్యము.

అలసినవారికి విశ్రాంతిని, విశ్రమించినవారికి మెలకువను శ్రీ లక్ష్మీనరసింహస్వామి అనుగ్రహించుగాక!