మొన మారినను కలము మారునా?

వస్తువును చేయువానికి రెండు ఋణములు కలవు. ఒకటి తాను నేర్చిన విద్యకు. రెండవది ఆ వస్తువును కొని వాడువానికి. ఈ రెండును ఒకే దారిని నడచినంతకాలము చిక్కు లేదు. వాడువాని అవసరము మారి, చేయువాని విద్య పాతదారినే నిలిచినప్పుడు ధర్మసందేహము పుట్టును. పాతదానినే పట్టుకొనియుండుట నిష్ఠయా, మొండితనమా? క్రొత్తదానికి చోటిచ్చుట వివేకమా, లొంగుబాటా? ఈ ప్రశ్నను విచారించుటకు చేతితో కలములు చేయువారి వృత్తి తగిన ఉదాహరణము.

తెలుగునాట ఈ వృత్తికి కీర్తి తెచ్చిన ఊరు రాజమహేంద్రవరము. స్వదేశీ వస్తువులను చేయవలెనన్న గాంధీ మహాత్ముని ప్రేరణతో కె.వి. రత్నం గారు 1932లో అచట కలముల పనిని స్థాపించిరి. 1935లో గాంధీజీ రత్నం కలమును వాడి చూచి, బజారులో దొరకు విదేశీ కలములకు బదులుగా అది నిలువగలదని మెచ్చుకొనుచు లేఖ వ్రాసిరి. ఆనాడు చేతి కలము వ్రాతపరికరము మాత్రమే కాదు. పరాధీనత వలదను సంకల్పమునకు గుర్తు.

అట్టి కలము పుట్టు విధము తెలిసికొనదగినది. రబ్బరులో గంధకమును అధికముగా కలిపి వేడిచేయగా ఎబొనైటు అను గట్టి పదార్థము ఏర్పడును. ఆ కడ్డీలను తగిన పొడవున కోసి, లేతుపై తిప్పుచు ఉలితో చెక్కుదురు. ఒక ముక్కను తొలిచి సిరా నిలుచు దేహముగను, మరియొకదానిని మూతగను, వేరొకదానిని వ్రేళ్లు పట్టు భాగముగను చేయుదురు. పిదప వానికి మరలు కోయుదురు. మరలు సరిగా కూడనిచో సిరా కారి చొక్కా జేబు పాడగును. తుదకు పాళీని, దాని క్రింద సిరాను మెల్లగా దింపు నాలుకను అమర్చి, కాగితముపై వ్రాసి చూచి, కొనువాని చేతికి అనుకూలముగా సరిచేసి ఇత్తురు.

ఇంతలో కాలము మారినది. హంగేరీ దేశస్థుడైన లాస్లో బిరో 1938లో బాల్‌పెన్నుకు పేటెంటు కోరెను. తరువాతి దశాబ్దములలో అది చౌకయై ఊరూర వ్యాపించెను. 1960లలో జపాను దేశమున రోలర్‌బాల్ వచ్చెను. దాని కొసన చిన్న బంతి తిరుగుచుండును. సిరా మాత్రము బాల్‌పెన్ను సిరావలె జిడ్డుగా కాక నీటివలె పలుచగా పారును. ఒత్తిడి అవసరము లేదు, ఏ వాలున పట్టినను వ్రాయును. పాళీ కలములు చేయువారి గిరాకీ తగ్గినది. అప్పుడు కొందరు చేతిపనివారు, మన దేశమునను ఇతర దేశములలోను, ఒక ఉపాయము కనిపెట్టిరి. దేహము ఒక్కటే, మూత ఒక్కటే. పట్టు భాగములు రెండు. ఒకదానికి పాళీ, రెండవదానికి బంతిమొన. ఒకదానిని విప్పి మరియొకదానిని బిగించినచో అదే కలము రెండు విధముల వ్రాయును.

ఇది చెప్పినంత సులభము కాదు. రెండు పట్టు భాగముల మరలును ఒకే దేహమునకు ఇముడవలెను. పాళీ పొడవు వేరు, బంతిమొన పొడవు వేరు. మూత లోపలి లోతు రెంటికిని చాలవలెను. లోతు చాలనిచో పాళీ కొస మూతకు తగిలి వంగును; మూత బిగువుగా కూర్చుండనిచో మొనయందలి సిరా ఆరిపోవును. బంతిమొనకు వాడు సాధారణపు రీఫిల్లు సుమారు 11 సెంటీమీటర్ల పొడవుండును గనుక దేహమును అంతకు తగినట్లు తొలువవలెను. సిరా పోసి వాడిన దేహమున రీఫిల్లును ఉంచుటకు ముందు దానిని కడిగి ఆరబెట్టవలెను. కావున ఈ మార్పు సోమరితనము వలన వచ్చినది కాదు. పాతపనికంటె ఎక్కువ కొలతను కోరునది.

అయినను పూర్వపక్షము చేయువారు లేకపోలేదు. వారి వాదము బలహీనమైనది కాదు. "పాళీ యజమాని వ్రాతకు అలవడును. ఏండ్ల తరబడి వాడగా దాని కొస అతని చేతివాలుకు తగినట్లు అరుగును. బంతిమొనకు ఆ గుణము లేదు. అది ఎవరి చేతనైనను ఒక్కటే. పైగా రీఫిల్లు కర్మాగారమున పుట్టి, సిరా ముగియగనే చెత్తలో చేరును. దానికి చోటిచ్చినవాడు తన వృత్తిని తానే తక్కువ చేసికొన్నట్లు కాదా?" అని వారు అడుగుదురు.

ఇందుకు సమాధానము రెండు విధములు. మొదటిది, చేతి కలములకు వాడు పాళీలు కూడ పెక్కుచోట్ల కర్మాగారములనుండియే వచ్చును. చేతిపనివాని విద్య ప్రధానముగా దేహమునందును, మూతయందును, మరల పొందికయందును ఉన్నది. మొన మారినను ఆ విద్య చెడదు. రెండవది, వాడువాని మాట. చేయి వణకు వృద్ధునికి పాళీని సరియైన వాలున నిలుపుట కష్టము. ఎడమచేతితో వ్రాయు బాలుడు తెలుగు వ్రాయునపుడు పాళీని ముందుకు నెట్టవలసివచ్చును. అది కాగితమును గీరును, తడిసిరాపై చేయి పడి అక్షరములు అలుకుపోవును. బంతిమొన కాగితమును గీరు బాధనైనను తప్పించును. వీరిని "ఇది మీ కలము కాదు" అని పంపివేయుట నిష్ఠ యనిపించుకొనదు.

కాని పూర్వపక్షములోని సత్యమును విడువరాదు. పాళీతో పోవునది నిజముగా పోవునదే. కావున ఏ మార్పు ధర్మమో, ఏది కాదో తేల్చుటకు ఒక గురుతు కావలెను. తిరుగుదారి మూయనిది ధర్మమైన మార్పు. రెండు మొనల కలమున పాళీ వెడలగొట్టబడలేదు, పెట్టెలో వేచియున్నది. నేడు బంతిమొన వాడువాడు రేపు పాళీకి మరలవచ్చును. గిరాకీ లేదని చేయువాడు పాళీ పట్టును చేయుటయే మానినచో, ఏటేట మరల కొలతను మార్చి పాత దేహమునకు క్రొత్త పట్టు అమరకుండ చేసినచో, అది లొంగుబాటు. కర్మాగారపు రీఫిల్లును చేతిపని యని నమ్మించి వెల పెంచినచో అది మోసము. రీఫిల్లు పారవేయవలసినదే యని చెప్పి, వలదన్నవానికి సిరా పోసికొను దారి చూపినచో అది నిజాయితీ.

తాను బ్రతుకుటకును, ఎదుటివానికి మేలగుటకును ఒకే పని చాలునట్లు చేసికొనుటయే కాయకము. గిరాకీ కొరకు విద్యను అమ్ముకొన్నవాడు రెండవదానిని మరచినవాడు. విద్య కొరకు వాడువానిని త్రోసిపుచ్చినవాడును అంతే.

ఈ విచారము కలములు చేయువారికి మాత్రమే కాదు. ఇండ్లలో పాత అలవాటును మార్చునపుడు, బడులలో క్రొత్త పద్ధతిని తెచ్చునపుడు పెద్దలు ఇదే ప్రశ్న వేసికొనవలెను: ఈ మార్పు వలన ఎవరికి సుఖము, దేనికి నష్టము, మరల వెనుకకు రావలెనన్న దారి యున్నదా? తల్లిదండ్రులు పిల్లలకు వ్రాతసాధనము కొనునపుడు, పారవేయు పెన్నులు పది కొనుటకంటె, బాగుచేసికొనుటకు వీలైన కలము ఒకటి కొని, దానిని విప్పి కడిగి మరల బిగించుట నేర్పవలెను. మొన ఏదైనను సరే; వస్తువును నిలుపుకొను అలవాటు పిల్లవాని చేతికి వచ్చును.