మొదటి శీలం – కవల గర్భం



మన నిమ్మనపల్లెలో ఒక తల్లి కడుపులో కవలలు. ఇద్దరికీ మాయ ఒకటే, ఒక బిడ్డ బతికే స్థితిలో లేదని డాక్టరు చెబితే? ప్రాణం తీయనని శీలం తీసుకున్నాం కదా అంటారు మీరు.

ముందు సంగతి తెలుసుకోండి. మాయ ఒకటైతే ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి. ఒక బిడ్డ లోపలే చనిపోతే రెండో బిడ్డ రక్తం అటు పోయి, ప్రాణానికో మెదడుకో ముప్పు వస్తుంది. అందుకే ఆ బిడ్డ బొడ్డుతాడులో రక్తం పారకుండా ముందే వేడితో మూసేస్తారు. అప్పుడు రెండో బిడ్డ పదింట సుమారు ఎనిమిదిసార్లు దక్కుతుంది. మిగతాసార్లు దక్కదు. నెలలు నిండకుండానే కాన్పయ్యే భయమూ ఉంది.

‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో బాబాసాహెబ్ అహింసను కట్టుబాటుగా కాదు, సూత్రంగా వివరించారు. చంపాలనే కోరిక వేరు, తప్పని అవసరం వేరు. ఆడబిడ్డని తీయించడం కోరిక. 1994 చట్టం ప్రకారం లింగ నిర్ధారణే నేరం. ఒక బిడ్డనైనా దక్కించుకోవడం అవసరం. ఏమీ చేయకుండా కూర్చుంటే శీలం నిలిచినట్టు కాదు, ఇద్దరూ పోవచ్చు. అయితే ఆ అవసరం నిజమేనా అని ఇంకో డాక్టరునీ అడగమంటుంది శీలం.

నిర్ణయం తల్లిది. పోయిన జన్మ పాపమని ఆమెను అనకండి. తిరుపతికో బెంగళూరుకో తోడు పోండి, ఛార్జీలకు చందా వేయండి. కరుణ అంటే అదే.