ఏసీ నాది, కరెంటు బిల్లు నాన్నది

2025 ఏప్రిల్ మూడో వారంలో బెజవాడ నుంచి అమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్న నీకు చెప్పొద్దన్నార్రా. ఏసీ పదిరోజుల్నుంచీ చల్లగా రావట్లేదు." 2013లో, ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, బోనస్ డబ్బులతో నేను కొన్న ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ అది. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఏసీ. నాన్నకి డెబ్బై ఒకటి, అమ్మకి అరవై ఆరు.

మెకానిక్ వచ్చి చూసి "గ్యాస్ అయిపోయింది బాబాయ్ గారూ" అన్నాడట. ఇక్కడో మాట చెప్పాలి. ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోల్లాగా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ గదిలోని వేడిని బయటికి మోస్తుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. చిల్లు వెతక్కుండా ఏటా గ్యాస్ నింపించుకోవడమంటే చిల్లుకి అద్దె కట్టడమే. పైగా మాది ఆర్-22 గ్యాస్‌తో నడిచే పాత మోడల్. ఓజోన్ పొరని దెబ్బతీస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దేశాలు దశలవారీగా వదిలించుకుంటున్న సరుకు. మెకానిక్ మూడు దారులు చూపించాడు. గ్యాస్ నింపితే 2,800, కారుతున్న కాయిల్ మారిస్తే 11,000, లేదంటే కొత్తది కొనుక్కోవడం.

నేను ఏం చేస్తాను? నా వృత్తిలోని వాళ్ళు ఏం చేస్తారో అదే. ఎక్సెల్ షీట్ తెరిచాను. పాతది గంటకి ఎన్ని యూనిట్లు తాగుతుంది, ఇన్వర్టర్ ఏసీ ఎంత తాగుతుంది, రోజుకి ఎనిమిది గంటలు, ఏడాదికి నాలుగు నెలలు, మధ్యలో రెండు రిపేర్లు. ఐదేళ్ళకి లెక్క తీస్తే కొత్తదే లాభం. స్క్రీన్‌షాట్ నాన్నకి వాట్సాప్‌లో పంపాను. సాయంత్రానికి ఒక్క లైన్ జవాబు వచ్చింది. "ఐదేళ్ళకి లెక్కలేసుకునే వయసు కాదురా మాది. గ్యాస్ పోయిస్తే ఈ ఎండాకాలం గడుస్తుంది."

ఆ జవాబు చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. నా షీట్‌లో తప్పు లేదు. కానీ అందులో ఒక గడి ఉంది, "సంవత్సరాలు" అని, దాంట్లో 5 అని టైప్ చేసింది నేను. ఒకటి అని టైప్ చేస్తే గ్యాస్ నింపడమే గెలుస్తుంది. రిపేరా, కొత్తదా అన్నది డబ్బు లెక్క అనుకుంటాం గానీ, ఎన్నేళ్ళకి లెక్క వేయాలన్నది డబ్బు చెప్పదు. అది ఎవరి ఒంట్లో వాళ్ళకే తెలిసే విషయం. నాన్న గడిలో నేను అంకె వేశాను.

అయినా కొన్నాను. అడక్కుండానే. 43,000 చిల్లర, రెండ్రోజుల్లో డెలివరీ, పాత చోటే, పాత స్టాండు మీదే బిగింపు. అప్పటికి ఏసీ మీద 28 శాతం జీఎస్టీ ఉండేది, అంటే అన్నిటికంటే పై మెట్టు, విలాసాలని మనం అనుకునే వస్తువుల మెట్టు (సిమెంటు కూడా అక్కడే ఉండేదనుకోండి). అదే ఏడు సెప్టెంబరు 22 నుంచి 18కి దిగింది. ఏసీ అవసరమా విలాసమా అన్నది ప్రభుత్వానికే తేలడానికి ఇన్నేళ్ళు పడితే, మా నాన్నకి ఒక్క రాత్రిలో తేలాలని నేను పట్టుబట్టాను.

పట్టుబట్టడానికి నాకు కారణం లేకపోలేదు. 2015 మే నెల గుర్తుందా? ఆ ఎండలకి మన రెండు రాష్ట్రాల్లోనే వెయ్యిమందికి పైగా పోయారు. వయసు మీదపడ్డాక చెమట తక్కువ పడుతుంది, దాహం కూడా సరిగ్గా తెలియదు. చుట్టూ గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు ఫ్యాన్ కూడా పెద్దగా ఆదుకోదు. "మా చిన్నప్పుడు రోహిణి కార్తెలో చెట్టుకింద నులకమంచం వేసుకునే వాళ్ళం" అంటారు నాన్న. ఆయన ఇప్పుడుంటున్నది చెట్టుకింద కాదు, పగలంతా కాగిన స్లాబు కింద.

మే రెండో వారంలో వెళ్ళాను. ఏసీ రిమోట్‌కి ప్లాస్టిక్ కవర్ అలాగే ఉంది. మధ్యాహ్నం గంట, రాత్రి పడుకునే ముందు గంట, అంతే వేస్తున్నారు. నాన్న పొద్దున్నే మీటర్ చూసి క్యాలెండర్ మీద రీడింగ్ రాసుకుంటున్నారు. స్లాబు దాటితే యూనిట్ రేటు పెరుగుతుంది కదా. "ఏసీ కొనిచ్చావు గానీ కరెంటు కొనివ్వలేదుగా" అని నవ్వారు. కరెంటు బిల్లు కూడా నేనే కడతానన్నాను. నవ్వు ఆగిపోయింది.

మార్సెల్ మాస్ అనే ఫ్రెంచి సామాజికవేత్త 1925లో బహుమానం గురించి ఒక చిన్న పుస్తకమంత వ్యాసం రాశాడు. బహుమతి ఎప్పుడూ ఊరికే రాదు, తీసుకున్నవాడి మీద తిరిగివ్వాల్సిన బరువు పెడుతుందన్నది అందులోని మూలసూత్రం. అయితే మాస్ చూసిన బహుమతులు వేరు, వాటికి ప్లగ్గు లేదు. నేనిచ్చింది నెలనెలా ఖర్చయ్యే బహుమతి. నాన్న దాన్ని వాడితే ఆయన పెన్షన్‌లోంచి పోతుంది, వాడకపోతే నా డబ్బు వృథా అయిందన్న బాధ ఆయనకే. నేనే బిల్లు కడితే ఆ ఇంటి యజమాని ఎవరన్న ప్రశ్న వస్తుంది. మూడు వైపులా ఇరికించి, ప్రేమ అని పేరు పెట్టాను.

జూన్‌లో ఇంకో పని చేశాను. సర్వీస్ నంబర్ ఉంటే ఎవరి బిల్లయినా ఫోన్లోనే కట్టేయొచ్చు. చెప్పకుండా కట్టేశాను. నాన్న కట్టడానికి వెళ్ళి, బాకీ ఏమీ లేదంటే ఇంటికొచ్చారు. గంటలో నా ఖాతాలో 3,412 రూపాయలు పడ్డాయి, పైసలతో సహా సరిపోయింది. మెసేజ్ లేదు, ఫోన్ లేదు.

అయితే నేను అసలు చెప్పాల్సింది మే నెల సంగతి. నేను ఉన్న నాలుగు రోజులూ ఏసీ పొద్దున్నుంచి రాత్రిదాకా ఆడింది. నా కోసం. ఆ గదిలో తలుపేసుకుని ఆఫీసు పని చేసుకుంటున్నాను. రెండో రోజు మధ్యాహ్నం మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే అమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటూ పప్పు తాలింపు వేస్తోంది. కిటికీ మూసేసి ఉంది. "ఇంత ఉక్కలో కిటికీ ఎందుకు మూశావమ్మా?" అన్నాను. "తీస్తే ఇంకా వేడొస్తుంది నాన్నా" అంది. తీసి చూశాను. కిటికీ బయటే, రెండు అడుగుల దూరంలో, ఔట్‌డోర్ యూనిట్. నా గదిలోంచి తోడిన వేడినంతా తెచ్చి ఆవిడ మొహం మీద ఊదుతోంది.

2013లో ఆ చోటు చూపించింది నేనే. రాగి పైపు పొడుగు తగ్గుతుంది, డబ్బు మిగులుతుంది అని. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, వేడిని ఇక్కడినుంచి తీసి అక్కడ పోస్తుంది అని ఇంజనీరింగ్‌లో చదివి పరీక్ష పాసైనవాణ్ణే. "అక్కడ" అంటే ఎక్కడ అని పన్నెండేళ్ళు అడగలేదు. రిపేరా కొత్తదా అని నేనూ నాన్నా నెలరోజులు వాదించుకున్నాం, ఇద్దరిలో ఒక్కరం కూడా అమ్మని అడగలేదు. నీకేం కావాలని అప్పుడడిగితే, "ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండ్రా" అంది. రెండు వేలలోపు వస్తువు. నా ఎక్సెల్ షీట్‌లో దానికి వరసే లేదు.

రాత్రి భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. ఆయన లేచి వంటింటి కిటికీ తీసి, చెయ్యి బయటపెట్టి చూసి వచ్చారు. ఏమీ అనలేదు. మర్నాడు మెకానిక్‌ని ఆయనే పిలిపించారు. యూనిట్ డాబా మీదికి మార్చాలంటే పైపు, గ్యాస్, స్టాండు, కూలీ అన్నీ కలిపి 7,500 అన్నాడు. నేను ఫోన్ తీయబోతుంటే నాన్న "నువ్వుండు" అన్నారు. ఆ కుర్రాడు మధ్యాహ్నం రెండింటికి డాబా మీద, చెప్పుల్లోంచి కూడా కాలు కాలే ఎండలో, గోడకి డ్రిల్లింగ్ చేశాడు. అమ్మ రెండుసార్లు మజ్జిగ పంపింది. సాయంత్రం నాన్న బీరువాలోంచి నోట్లు తీసి, లెక్కపెట్టి ఇచ్చి, రసీదు రాయించుకుని ఇంటి కాగితాల ఫైల్లో పెట్టుకున్నారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ఆయనే తెచ్చారు.

బిల్లు డబ్బు వెనక్కి పంపింది ఆ తర్వాతి నెలలోనే. ఆ రెండు సంగతుల్నీ కలిపి చూడటం నాకు ఆలస్యంగా తెలిసింది.

సర్వీస్ నంబర్ ఇంకా నా ఫోన్లో ఉంది. ఏ నెల ఎన్ని యూనిట్లు కాలాయో, రాత్రుళ్ళు ఏసీ వేసుకుంటున్నారో లేదో, నాలుగు బటన్లు నొక్కితే తెలిసిపోతుంది. ఈ ఏప్రిల్‌లో రెండుసార్లు నంబర్ కొట్టి, చూడకుండానే మూసేశాను. మే ఇంకా ముందుంది.