సాక్షి లేని ప్రేమ

ఇద్దరేకాంతమున నిచ్చుకొన్న మాటకు విలువ ఆ మాటలోనే యున్నదా, లేక దానిని విన్న సాక్షులలో నున్నదా? ఈ ప్రశ్నను విచారించుటకు కాళిదాసుని శాకుంతలముకంటె తగిన యుదాహరణము మాకు కనబడదు.

శకుంతల యేకాంతమున పెరిగిన బిడ్డ. తల్లి యడవిలో విడిచిపోగా పక్షులు కాచినందుననే యామెకా పేరు కలిగెనని భారతము చెప్పుచున్నది. లేళ్లును, తీగెలును, ఇద్దరు చెలులును ఆమెకు బంధువర్గము. దుష్యంతుడు వేటాడుచు లేడిని తరుముకొనివచ్చి, ఆశ్రమమృగమును చంపరాదని మునులు వారింపగా బాణము నుపసంహరించెను. అట్టి రాజే గాంధర్వవిధిని చేపట్టిన భార్యను నిండుసభలో నెరుగనని త్రోసివేసెను. మృగమునకు దొరకిన యభయము స్త్రీకి దొరకలేదు.

సభలో నామె యుంగరము చూపబోయి, అది జారిపోయినదని యెరిగి, తుదకొక లేడిపిల్లను సాక్షిగా తలచుకొనెను. తామరాకు దొన్నెతో రాజు నీరు పట్టగా నది త్రాగలేదు. ఆమె పట్టగా త్రాగినది. మీరిద్దరును వనవాసులే గనుక నొకరినొకరు నమ్మితిరని యాతడు నాడు నవ్వెను. ఇట్టి చిన్న సంగతి కలిసి బ్రతికినవారికి గాక యితరులకు తెలియునా? కాని రాజిచ్చిన ప్రత్యుత్తర మేమి? ఆడుకోయిల తన పిల్లలను పరపక్షులచే పెంపించునట్లు, కపటము స్త్రీజాతికి సహజమట! ఆమె యడవిప్రాణియందు విశ్వాసమును చూచెను. అతడు వంచనను చూచెను.

పిమ్మట చేపకడుపున దొరకిన యుంగరమును చూడగానే రాజునకు సర్వమును జ్ఞప్తికి వచ్చెను. దుర్వాసుని శాపమే మరపునకు కారణమని కవి యాతని కాపాడెను. నన్నయభట్టు తెనిగించిన భారతకథలో శాపమును లేదు, ఉంగరమును లేదు. లోకమునకు వెరచి రాజు తెలిసియే తెలియదనును. కాళిదాసు నాయకుని కళంకమును తుడిచెను గాని, భార్య మాట చాలక యుంగరము కావలసివచ్చెనను సంగతిని తుడువలేదు.

పెద్దలయెదుట జరిగిన వివాహమైనచో నీ యాపద రాకుండెడిదని కొందరందురు. నిజమే. 2006లో భారత అత్యున్నత న్యాయస్థానము వివాహములను తప్పక నమోదు చేయవలెనని యాదేశించుటయు నిట్టి యాపదలను తలచియే. సాక్ష్యము దుర్బలులకు రక్ష. దానిని మేము కాదనము. కాని నాడు సాక్షి లేకుండుట ఇరువురకును సమానమే గదా! ఋజువు చేయవలసిన భారము శకుంతలపై మాత్రమే యేల పడెను? రాజునకు నీ మాటకు సాక్షి యెవరని సభలో నొక్కరైన నడిగిరా?

కడపట వారు కలిసికొన్నది రాజసభలో గాదు. సింహపుకూన నోరు తెరచి పండ్లు లెక్కింపజూచు కుమారుడున్న మరియొక యాశ్రమమున రాజే యామె పాదములపై బడెను. చట్టము సాక్షిని కోరుగాక. చేసిన బాసను నిలుపుకొనుటకు మాత్రము సత్పురుషునకు తన మనస్సు చాలవలెను. మన యిండ్లలో నాడుబిడ్డ నోరు విప్పినపుడు, ముందుగా నుంగర మడుగుదుమో, మాట విందుమో, చదువరులే యోచింతురుగాక.