పందెమునకును ఒక తెలుపు

కనుమనాడు అహోబిలమునుండి పల్లకిలో బయలుదేరిన జ్వాలా నరసింహ, ప్రహ్లాదవరద స్వాములు ఆళ్లగడ్డ చుట్టుపట్ల ముప్పదికి మించిన పల్లెలను నలువది దినములకు పైగా తిరిగి, ఫాల్గుణమున జరుగబోవు తమ కల్యాణోత్సవమునకు తామే ఊరూర పిలుపులు చెప్పి మరలిపోవుదురు. పారువేట యను ఈ తిరుగుటలో పల్లకి దింపుటకు ఊరూర నుండు కట్టను జనులు తెలుపు అందురు. బోయీలు పల్లకిని దానిపై నిలిపి, భుజములు తడవుకొనుచు ప్రక్కకు తొలగుదురు. ఇల్లాండ్రు టెంకాయలతో, ముదుసళ్లు చేతికఱ్ఱలతో వచ్చి చేరుదురు. పక్కయూరివారు ఎంతసేపటినుండి కాచుకొనియున్నను, ఈ యూరి హారతి ముగియక పల్లకి లేవదు.

దీనికి నేరుగా ఎదురుగా నిలుచునది మోటారు పందెము. అందు నిలుచుట యనగా ఓడుటయే. అయినను ఆ పందెగాండ్రును వార్షికములు జరుపుకొందురు. 1923లో ఫ్రాన్సు దేశమున మొదలైన లె మాన్ పందెమునకు 2023లో శతవార్షికోత్సవము జరిగినది. క్షణమును జయించుటే వ్రతముగా గలవారు, గడచిన దినము తిరిగి రాదని అందఱికంటె బాగుగా ఎఱిగినవారు, ఏటేట ఆ దినముకడకే ఏల మరలుదురు?

లె మాన్ పందెము మన నంద్యాలసీమవారికి కొత్తగా తోచవలసిన పని లేదు. పెక్కు పందెములందు దూరము నిర్ణయించి కాలము కొలుతురు. లె మాన్ పందెమున ఇరువదినాలుగు గంటల కాలము నిర్ణయించి దూరము కొలుతురు. మన బండలాగుడు పోటీల న్యాయమును ఇదియే. ఇచ్చిన నిమిషములలో ఎద్దులజత బండను ఎన్ని అడుగులు లాగినదను లెక్కయే గెలుపు. భేద మొక్కటే: గడువు ముగియగనే కాడి విప్పి, నురగలు గ్రక్కు ఎద్దు మూపును రైతు నిమురును. యంత్రమునకు ఆ నిమురుట లేదు.

1952లో పియెర్ లెవెగ్ అను ఫ్రెంచివాడు చక్రము మఱియొకని చేతి కీయక దాదాపు ఇరువదిమూడు గంటలు తానొక్కడే నడిపి, గెలుపు కనుచూపుమేరలో నుండగా యంత్రము చెడి నిలిచిపోయెను. మూడేండ్లకు, 1955 జూన్ 11 సాయంకాలమున, అదే పందెములో ఆతని కారు మఱొక కారును తాకి జనుల నడుమకు ఎగిరిపడగా, ఆతడును, ఎనుబదిమందికి మించిన ప్రేక్షకులును మరణించిరి. పందెము మాత్రము ఆగలేదు. జనమంతయు ఒక్కుమ్మడి కదలినచో అంబులెన్సులకు దారి యుండదని నిర్వాహకులు చెప్పిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని మఱునాటి సాయంకాలము వఱకు బండ్లు ఆ చోటిమీదుగనే తిరుగుచుండెను.

మన యిండ్లలోను ఇట్లే జరుగును. తండ్రి పోయిననాడు పాడెకు వెదుళ్లు తెప్పించుటయు, దూరపు బంధువులకు కబురంపుటయు, వచ్చినవారిని కూర్చుండబెట్టుటయు పెద్దకొడుకు వంతు. ఏడ్చుటకు ఆతనికి తీరిక చిక్కదు. ఏడాది తిరిగి, ఆబ్దికమునాడు పిండము పెట్టి లేచునప్పుడు ఆ కన్నీరు వచ్చును. ఆ తిథి గతించిన దినమును తిరిగి తెచ్చుట లేదు. నాడు నిలువని మనిషిని నేడు నిలుపుచున్నది.

తెలుగుగడ్డకును ఒక పందెపు తేదీ దక్కినది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్కార్ల ఫార్ములా ఈ పందెము జరుగగా జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. మఱుసటి యేటి పందెము రద్దయినందున, మొదటి వార్షికమునకు పందెమే లేకపోయినది. అయినను ఆ తేదీ మాయలేదు. చక్రములు తిరుగకున్నను వార్షికము నిలుచునని దీనివలన తెలియుచున్నది.

తెలుపు అను పేరునకు పండితులు ఏ వ్యుత్పత్తి చెప్పినను, నా చెవికి తెలియజేయుట అను అర్థమే వినవచ్చును. స్వామి దిగినగాని ఊరికి పిలుపు అందదు. లె మాన్ పందెమునకు అట్టి కట్ట జూన్ 11. నాడు దింపక మోసికొనిపోయిన బరువును దానిమీద ఏటేట దింపవలసియున్నది.