తగ్గిన దేహం, తగ్గని రూపు

బరువు తగ్గిన మనిషికి ఆ తగ్గుదల తన కంటికే ఆనకపోవడం చాలామంది ఎరిగిన అనుభవం. తూకంలో అంకె దిగుతుంది, నడుం దగ్గర బట్టలు వదులవుతాయి, వేలి ఉంగరం జారిపోతుంది. అద్దంలో మాత్రం పాత మనిషే నిలబడి ఉంటాడు. ఇరుకు సందు రాగానే భుజం దానంతట అదే పక్కకు తిరుగుతుంది. బస్సు సీట్లో అంచుకు ఒదిగి కూర్చునే అలవాటు పోదు. బట్టల కొట్లో నోరు పాత కొలతే అడుగుతుంది. అలాంటి మనిషి అబద్ధం ఆడటం లేదు, కంటికి జబ్బూ లేదు. మరి "ఇది నేను" అని అనుకుంటున్నది ఏ దేహాన్ని? ఇప్పుడు ఉన్నదాన్నా, మనసులో ఉండిపోయినదాన్నా? ఈ ప్రశ్నను అద్వైతమూ బౌద్ధమూ చాలా దగ్గరగా పట్టుకున్నాయి. రెండూ చెప్పిన సమాధానాలు ఒకటి కావు. రోగం ఏమిటో చెప్పడంలో మొదటిది గట్టిది, మందు ఇవ్వడంలో రెండోది.

ఈ అనుభవం ఎలా పుడుతుందో ముందు చూడాలి. దేహం ఎంత, ఎక్కడ, ఎలా ఉన్నదన్న నమూనా ఒకటి మెదడు దగ్గర ఉంటుందని బ్రిటన్ నరాల వైద్యులు హెన్రీ హెడ్, గోర్డన్ హోమ్స్ 1911లో ప్రతిపాదించారు. చెయ్యి ఎంత చాపితే గ్లాసు అందుతుందో, తల ఎంత వంచితే గుమ్మం తగలదో లెక్క వేసేది ఆ నమూనాయే. వియన్నాలో పుట్టిన పాల్ షిల్డర్ 1935లో రాసిన పుస్తకంలో దీన్ని ఇంకా విస్తరించాడు. మనిషి తన దేహం గురించి మనసులో గీసుకున్న బొమ్మలో జ్ఞాపకాలూ, ఇష్టానిష్టాలూ, చివరికి ఇతరుల చూపులూ కలిసి ఉంటాయన్నాడు. 1969లో అమెరికాలో గ్లక్స్‌మన్, హిర్ష్ అనే పరిశోధకులు బరువు తగ్గుతున్న స్థూలకాయులను గమనించారు. దేహం తగ్గుతున్న కొద్దీ వాళ్లు తమ పరిమాణాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా అంచనా వేసుకున్నారు. 2013లో నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రయోగం మరీ స్పష్టమైనది. అనొరెక్సియా అనే వ్యాధితో బాగా సన్నబడిన స్త్రీలు, తమ భుజాలకు సరిపోయేంత వెడల్పున్న సందులోనూ పక్కకు తిరిగే నడిచారు. పాత దేహం కంటిలోనే కాదు, నడకలోనూ మిగిలి ఉంటుంది.

ఇతరుల చూపు కూడా ఈ బొమ్మలో భాగమన్న షిల్డర్ మాట ఎంత నిజమో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లోని కొబ్బరి, జీడితోటల ఊళ్లను కారణం పూర్తిగా తేలని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తోంది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ, 200 పడకల ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఈ ఊళ్లకు తాగునీరు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఇంత బాధ చూసిన చోట మనిషి సన్నబడటం ఎవరికీ శుభవార్తగా వినిపించదు. డాక్టరు చెప్పాడని పొద్దున్నే నడిచి, అన్నం తగ్గించి, ఆరోగ్యంగా బరువు దించుకున్న మనిషికి వీధిలో ఎదురయ్యే మాట ఒకటే: "ఏటలా చిక్కిపోనావు? ఒంట్లో బాగోనేదేటి?" అందులో ఎత్తిపొడుపు లేదు. ప్రేమ ఉంది, ఎందరినో పోగొట్టుకున్న భయం ఉంది. కానీ ఫలితం విచిత్రం. తన కంటికి పాత లావు మనిషి కనిపిస్తాడు, ఊరి కంటికి రేపటి రోగి కనిపిస్తాడు. ఇవాళ ఆరోగ్యంగా ఉన్న ఆ దేహాన్ని చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

అదే ఊళ్లలో ఇందుకు ఎదురు దిశ కూడా ఉంది. డయాలసిస్ చేయించుకునేవారికి మూత్రపిండాలు పంపలేని నీరు ఒంట్లో నిలిచిపోతుంది. సాధారణంగా వారానికి మూడుసార్లు యంత్రం ఆ నీటిని తీస్తుంది. అదనపు నీరు పోయాక మిగలాల్సిన బరువును డాక్టర్లు డ్రై వెయిట్ అంటారు, ప్రతి విడతా దాన్ని బట్టే నడుస్తుంది. లోపల కండ కరుగుతున్నా, దాని చోట నీరు చేరితే తూకంలో అంకె కదలదు. ముఖం ఉబ్బి నిండుగా కనిపిస్తే చూసినవాళ్లు తేరుకున్నాడనుకుంటారు. కాబట్టి కన్ను మోసపోతుందని తూకాన్ని నమ్ముకోవడం కూడా చాలదు. అంకె దేహానికి ఒక గుర్తు మాత్రమే.

శంకరాచార్యుడు బ్రహ్మసూత్రాల భాష్యానికి రాసిన ముందుమాటను అధ్యాసభాష్యం అంటారు. ఒకదాని గుణాన్ని మరొకదానికి అంటగట్టడమే అధ్యాస. దేహధర్మాలను మనిషి తనకు ఎలా అంటగట్టుకుంటాడో చూపడానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణల్లో మొట్టమొదటివి లావూ సన్నమూ. రంగు, నిలబడటం, నడవడం ఆ తర్వాతే వస్తాయి. దాదాపు పన్నెండు వందల ఏళ్ల కింద, మోక్షశాస్త్రానికి ద్వారం తెరుస్తూ, ఆయన పట్టుకున్నది ఇవాళ అద్దం ముందు నిలబడ్డ మనిషి నోట వచ్చే మాటనే. లావు దేహానిది, దాన్ని ఎరిగే చైతన్యానిది కాదు. అయినా "నేను లావు" అనే మాటలో రెండూ ముడిపడిపోతాయి. ఈ విశ్లేషణ ప్రకారం, బరువు తగ్గాక కూడా లావు కనిపించడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. లావు కండను వదిలింది, "నేను" అనే భావాన్ని వదలలేదు. ఏళ్ల తరబడి విన్న వెక్కిరింపులు, దాచుకున్న ఫొటోలు, పెళ్లిళ్లలో వెనక వరుసలో నిలబడ్డ అలవాటు, ఇవన్నీ ఆ భావానికి అతుక్కున్నవి. ఆహార నియమం వాటిని కరిగించదు.

ఈ రోగనిర్ధారణ ఖచ్చితమైనది. అయితే దీన్ని మందుగా వాడేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. బాధపడుతున్న మనిషితో "నువ్వు దేహానివి కావు, దాని గురించి చింత ఎందుకు" అని చెప్పి పంపేస్తారు. ఉపనిషత్తులు అంత తొందరపడవు. తైత్తిరీయం ఆనందం దాకా తీసుకెళ్లే దారిని అన్నమయ కోశంతోనే మొదలుపెడుతుంది, తిండితో అయిన ఈ దేహాన్ని మొదటి మెట్టుగా ఒప్పుకుంటుంది. ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు ఇంకా ముందుకు వెళ్లి, తిన్న అన్నంలో స్థూలభాగం మలంగా, నడిమి భాగం మాంసంగా, సూక్ష్మభాగం మనసుగా మారుతుందని కొడుకు శ్వేతకేతువుకు చెబుతాడు. నమ్మించడానికి పదిహేను రోజులు నీళ్లు మాత్రమే తాగి ఉండమంటాడు. ఉపవాసం ముగిశాక వేదం వల్లించమంటే కొడుక్కి ఒక్కటీ తోచదు, అన్నం తిన్నాక అన్నీ తోస్తాయి. దేహాన్ని తగ్గించడం మనసును తాకకుండా జరగదని ఇంత సూటిగా చెప్పిన కథ మరొకటి దొరకడం కష్టం. మనసు కూడా అన్నంతోనే అయినదైతే, పాత దేహంతో పాటు పెరిగిన మనసు కొత్త దేహానికి సర్దుకోవడానికి తన వ్యవధి తాను తీసుకుంటుంది. కండ తగ్గిన వేగంతో అది తగ్గాలని కోరడం న్యాయం కాదు.

బౌద్ధం మరో వైపు నుంచి వస్తుంది. శ్రీకాకుళం ఉన్న కళింగ తీరానికి ఆ ధర్మం పరాయిది కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాల, చైత్యాల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ చోటును 1919లో మొదట గుర్తించినవాడు గిడుగు వెంకట రామమూర్తి. అద్వైతం మారని సాక్షిగా చైతన్యాన్ని చూపి దేహం నుంచి విడదీస్తే, బౌద్ధం మారనిది అంటూ ఏదీ లేదంటుంది. మిలిందపన్హా అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు మిలింద రాజుతో వాదిస్తూ, వెల్లకిలా పడుకున్న పసివాడూ ఎదిగిన రాజూ ఒకరు కారు, వేరూ కారు అని తేలుస్తాడు. రాత్రంతా వెలిగే దీపం తొలిజాములోనూ మలిజాములోనూ అదే మంట కాదు, వేరొక మంటా కాదు.

శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ జంక్షన్ ఎరిగినవారికి ఈ వాదం కష్టం కాదు. అక్కడి నుంచి పర్లాకిమిడి రాజు వేయించిన రెండున్నర అడుగుల చిన్న రైలుమార్గం 1900లో మొదలైంది, తర్వాత గుణుపురం దాకా సాగింది. 2004లో ఆ బండి ఆగింది. 2011లో అదే దారిలో బ్రాడ్‌గేజి రైలు వచ్చింది. పట్టాలు, ఇంజన్లు, పెట్టెలు పాతవి కావు, జనానికి అది ఇప్పటికీ గుణుపురం లైనే. చిన్న బండి జ్ఞాపకం అబద్ధం కాదు, దాని వేగం లెక్కన ఇవాళ బయల్దేరితే మాత్రం ఈ బండి అందదు. తగ్గిన దేహం విషయంలోనూ చిక్కు ఇదే. పాత రూపం ఒకప్పుడు నిజమే, దాన్ని ఇవాళ్టి కొలతగా వాడటంలోనే తప్పు ఉంది.

ఈ తప్పు ఎలా సరిదిద్దుకోవాలో చూపే కథ పాలీ వాఙ్మయంలో ఒకటి ఉంది. సంయుత్తనికాయంలో కోసలరాజు ప్రసేనజిత్తు ద్రోణం అనే పెద్ద కొలతతో అన్నం తినేవాడు. ఒకనాడు తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గర కూర్చున్నాడు. ఎరుకతో, మితం తెలిసి తినేవాడికి బాధలు తగ్గుతాయని, ముసలితనం మెల్లగా వస్తుందని, ఆయుష్షు నిలుస్తుందని బుద్ధుడు ఒక చిన్న గాథగా చెప్పాడు. రాజు వెనక సుదర్శనుడనే యువకుడు నిలబడి ఉన్నాడు. రాజు అతన్ని ఆ గాథ నేర్చుకొమ్మని, తాను భోజనం చేసినప్పుడల్లా వినిపించమని, రోజుకు నూరు కార్షాపణ నాణేలు ఇస్తానని చెప్పాడు. క్రమక్రమంగా రాజు భోజనం నాళిక అనే చిన్న కొలతకు దిగింది. తర్వాత ఒకనాడు, ఒళ్లు బాగా సన్నబడ్డాక, తన అవయవాలను చేత్తో నిమురుకుంటూ, బుద్ధుడు తన మీద ఇహానికీ పరానికీ రెండు విధాలా దయ చూపాడని పలికాడు.

ఈ చిన్న సూత్రంలో మూడు సంగతులు ఉన్నాయి, కథ వాటిని విప్పి చెప్పదు. మొదటిది, తగ్గడం క్రమంగా జరిగింది, రాజు మనసుకు దేహం వెంట నడిచే సమయం దక్కింది. రెండోది, పక్కన నిలబడ్డ మనిషి రాజు ఆకారం గురించి ఒక్క మాటా అనలేదు. లావుగా ఉన్నావనలేదు, చిక్కావనీ అనలేదు. తినేటప్పుడు ఎరుకను మాత్రమే గుర్తుచేశాడు. ఉద్దానం వీధిలో వినిపించే ప్రశ్నకూ ఆ గాథకూ తేడా అక్కడే ఉంది, ప్రేమలో తేడా లేదు. మూడోది అన్నిటికన్నా విలువైనది: రాజు తన కొత్త దేహాన్ని గుర్తుపట్టింది చేత్తో. కన్ను ఎదుట ఉన్నదాన్ని చూస్తూనే లోపల ఉన్న పాత బొమ్మనూ దాని మీద పరుస్తుంది. చెయ్యి ఆనిన చోట ఎముక ఎముకగా, చర్మం చర్మంగా ఈ క్షణంలోనే తగులుతాయి. సతిపట్ఠాన సూత్రం నేర్పేదీ ఇదే. నడుస్తున్నప్పుడు నడుస్తున్నట్టు, కూర్చున్నప్పుడు కూర్చున్నట్టు, దేహం ఏ తీరులో ఉంటే ఆ తీరులో తెలుసుకోవడం. తూకం వేయడం, పోల్చుకోవడం ఆ తెలుసుకోవడంలో భాగం కావు. గుమ్మం దాటేటప్పుడు భుజానికీ ద్వారబంధానికీ మధ్య ఉన్న ఖాళీని, వదులైన గాజు ముంజేతి మీద ఆగే చోటును, మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద పడే భారాన్ని రోజూ గమనించే మనిషికి పాత బొమ్మ తనంతట తాను పలచబడుతుంది. అద్దంతో పోట్లాట దానికి అవసరం లేదు.

బౌద్ధంలోనే ఇందుకు విరుద్ధంగా కనిపించే సాధన ఒకటుంది: దేహంలోని అశుచిని తలచుకోవడం. దాన్ని ఈ బాధకు మందుగా సూచించడం ప్రమాదం. వైశాలిలో కొందరు భిక్షువులు ఆ ధ్యానం చేసి, దేహం మీద రోత పెరిగి ప్రాణాలే తీసుకున్నారని, అది తెలిసి బుద్ధుడు ఊపిరి మీద ధ్యానాన్ని బోధించాడని పాలీ గ్రంథాలు దాచకుండా చెబుతాయి. బుద్ధుడు తానే ఆరేళ్ల తపస్సులో, కడుపు నిమిరితే వెన్నెముక తగిలేంతగా ఎండిపోయి, అది దారి కాదని తెలుసుకుని మళ్లీ అన్నం ముట్టాడు. ఎంత తగ్గినా చాలలేదనిపించి తిండి మానేసే స్థితి వస్తే అది సాధన కాదు, వైద్యుడూ మానసిక నిపుణుడూ కలిసి చూడవలసిన జబ్బు. అక్కడ తత్త్వబోధ చికిత్స పక్కన నిలబడాలి, దాని చోట కూర్చోకూడదు.

కొత్త దేహం కంటికి ఆనిన తర్వాత శంకరుని ఉదాహరణలోని రెండో సగం మిగిలి ఉంటుంది. ఆయన లావును మాత్రమే అధ్యాస అనలేదు, "నేను సన్నం" అనుకోవడాన్నీ అదే వరుసలో పెట్టాడు. లావు పేరున సిగ్గుపడ్డ మనసే సన్నం పేరున గర్వపడితే ముడి విడిపోలేదు, రంగు మారింది. ఆ గర్వానికి వెంటనే కాపలా కూడా కావలసి వస్తుంది, ఒక పండగ భోజనం, ఒక కాన్పు, ఒక జ్వరం దాన్ని కదిలించగలవు కాబట్టి. ప్రసేనజిత్తు మరో సూత్రంలో, మజ్ఝిమనికాయంలో, బుద్ధుడిని చూడటానికి చివరిసారి వస్తాడు. తనకూ బుద్ధుడికీ ఇద్దరికీ ఎనభై ఏళ్లు నిండాయని చెప్పుకుంటాడు, ధర్మం మీద తనకున్న గౌరవానికి కారణాలు ఒక్కొక్కటే వివరిస్తాడు. తన ఒంటి కొలత ప్రస్తావన ఆ సంభాషణలో ఎక్కడా రాదు.