పడవ ప్రయాణంలో దైవం పాలు ఎంత?

నీటి మీది ప్రయాణం మనిషి వశంలో లేని శక్తుల నడుమ సాగేది గనుక దాని క్షేమం దైవాధీనమన్న భావన తీరప్రాంతాల్లో బలంగా నాటుకుంది. గంగమ్మకు పసుపు కుంకుమలు సమర్పించి, కొబ్బరికాయ కొట్టి పడవను నీటిలోకి దింపే ఆచారం ఆ భావనకు రూపమే. అయితే ప్రాణం దైవం చేతిలో ఉందని నమ్మేవారు లైఫ్ జాకెట్లను, మంటలార్పే సాధనాలను వెంట ఉంచుకోవడం విశ్వాసలోపమా, విశ్వాసానికి అంగమా అన్నది విచారించదగిన ప్రశ్న.

ఏ కర్మకైనా ఐదు హేతువులు ఉంటాయని భగవద్గీత 18వ అధ్యాయం చెబుతుంది. అవి కర్మకు ఆశ్రయమైన అధిష్ఠానం, దానిని చేసే కర్త, సాధనాలనబడే కరణాలు, ఆ సాధనాలతో జరిగే చేష్టలు, ఐదవదిగా దైవం. వ్యాఖ్యాతలు అధిష్ఠానాన్ని శరీరంగా, కరణాలను ఇంద్రియాలుగా వివరించినా, ఈ విభాగాన్ని విహారానికి వాడే మోటారు పడవకు అన్వయిస్తే పడవ అధిష్ఠానం, సరంగు కర్త, రక్షణ సామగ్రి కరణం, దానిని వేళకు వాడటం చేష్ట, సుడులూ గాలివానలూ దైవం పాలు అవుతాయి.

కరణం ఉన్నంత మాత్రాన చేష్ట సిద్ధించదు. 150 న్యూటన్ల తేలుడు శక్తి గల లైఫ్ జాకెట్ స్పృహ తప్పిన మనిషిని సైతం ముఖం పైకి ఉండేలా తిప్పగలిగేటట్టు రూపొందినదే అయినా, బల్ల కింద మూటగట్టి ఉన్నప్పుడు అది ఎవరినీ కాపాడదు. నడిపేవాడు నీటిలో పడగానే ఇంజను ఆగిపోయేలా చేసే తాడు అతని ఒంటికి తగిలించి ఉంటేనే పనిచేస్తుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కావడంతో పడవ అడుగున పేరుకుంటుంది. ఇంజను లోపల అమర్చిన పడవలో దానిని ఫ్యానుతో బయటికి తోలకుండా ఇంజను తిప్పితే ఒక్క నిప్పురవ్వ చాలు.

శరణాగతి మార్గంలో ప్రయత్నానికి చోటేదని ఆక్షేపణ రావచ్చు. శ్రీవైష్ణవంలో తల్లిని తానే పట్టుకునే కోతిపిల్ల తీరును మర్కట కిశోర న్యాయమనీ, తల్లి నోట కరచుకుపోయే పిల్లికూన తీరును మార్జాల కిశోర న్యాయమనీ అంటారు. రెండవదానిని అంగీకరించినవారికి సైతం ప్రపత్తి, అనగా సంపూర్ణ శరణాగతి, మోక్షానికి సంబంధించినదే గాని లౌకిక కర్తవ్యాన్ని విడిచిపెట్టడానికి అనుమతి కాదు. పైగా సరంగు తన ప్రాణాన్ని దైవానికి అప్పగించుకోగలడేమో గాని, తనను నమ్మి ఎక్కినవారి ప్రాణాలను వారి తరఫున అప్పగించే అధికారం అతనికి లేదు.

2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారం నాడు, విజయవాడ సమీపాన పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీరు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం వద్ద ఒక విహార పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. అనుమతి లేని ఆ పడవలో పరిమితికి మించి జనాన్ని ఎక్కించారనీ, లైఫ్ జాకెట్లు ఇవ్వలేదనీ అప్పట్లోనే వెల్లడైంది. అటువంటి మరణాలను విధి లిఖితమనడం భక్తి అనిపించుకోదు, మానవ దోషాన్ని దేవుడి మీద మోపడమే అవుతుంది. తక్కిన నాలుగు హేతువులలో మనిషి తన వంతు నెరవేర్చిన తరువాతనే ఐదవదాని పేరెత్తే అర్హత అతనికి కలుగుతుంది.